మన్యం కొండల్లో కరెంటు గిడ్డంగులు: తరుగు, అద్దె, పట్టా లెక్కలు

కొత్త పసుపు యార్డుకు పోటెత్తిన రోజుల్లో ధర దిగుతుంది. సరకు పలచబడ్డ నెలల్లో ధర లేస్తుంది. ఈ రెండింటి మధ్య తేడాలో గోదాము అద్దె, వడ్డీ, తరుగు పోగా మిగిలినదే నిల్వదారు లాభం. దుగ్గిరాల పసుపుకైనా, గుంటూరు శీతల గిడ్డంగుల్లోని మిరపకైనా ఇదే సూత్రం. విద్యుత్తుకు కూడా ఇప్పుడు ఇదే సూత్రం వర్తిస్తున్నది. తేడా ఒక్కటే. పసుపుకు పంట రోజులు, కరువు రోజులు ఏడాదిలో ఒకసారి వస్తాయి. విద్యుత్తుకు ఆ రెండూ ప్రతి రోజూ వస్తాయి.

ఎండ బాగా కాసే మధ్యాహ్నం సౌర విద్యుత్తు పోటెత్తుతుంది, ధర మందగిస్తుంది. పొద్దు వాలగానే ఆ సరఫరా ఒక్కసారిగా నిలిచిపోతుంది. సరిగ్గా అదే వేళకు ఇళ్లలో దీపాలు, పంకాలు, ఏసీలు, వంటింటి యంత్రాలు ఒకేసారి నడుస్తాయి. ధర పుంజుకుంటుంది. మధ్యాహ్నం కొని రాత్రికి అమ్మగల గిడ్డంగి ఎవరి చేతిలో ఉంటే బేరం వారిది. అటువంటి గిడ్డంగులకు అనువైన చోటుగా తూర్పు కనుమల కొండలను, ముఖ్యంగా అరకు, అనంతగిరి, చింతపల్లి, సీలేరు ప్రాంతాలను ఎంచుకొంటున్నారు. ఈ వ్యాపారంలో పెట్టుబడి పెట్టేవారూ, ఆ కంపెనీల వాటాలు కొనేవారూ, సిమెంటు, ఇనుము, కేబుళ్లు సరఫరా చేసేవారూ లెక్క చూసుకోవలసిన వేళ ఇది.

బజారు తీరు

దేశంలో విద్యుత్తుకు ఎక్స్ఛేంజి వ్యాపారం 2008లో ప్రారంభమైంది. ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజిలో మరుసటి రోజు సరఫరాకు ముందురోజే వేలం జరుగుతుంది. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి విడిగా ధర తేలుస్తారు. 2022 వేసవిలో ధరలు మితిమీరి పెరిగినప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం యూనిట్‌కు 12 రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. 2023లో దానిని 10 రూపాయలకు దించింది. నిల్వదారు ఎంత ఆశపడినా ఆ బజారులో ఈ గీత దాటి అమ్మలేడు.

2025 జూన్ ఆఖరు నాటికి దేశంలోని విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం వాటా బొగ్గు, గ్యాస్, చమురు కాని మార్గాలది అయింది. అయితే నిజంగా తయారవుతున్న యూనిట్లలో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. కారణం తెలిసినదే. బొగ్గు యార్డులో గుట్టగా పడి ఉంటుంది, కావలసినప్పుడు కాల్చుకోవచ్చు. ఎండకు ఆ సౌకర్యం లేదు. 2025లో రాజస్థాన్‌లో తయారైన సౌర విద్యుత్తును మోసుకుపోయే లైన్లు చాలక ఉత్పత్తిని ఆపించవలసి వచ్చింది. పంట చేతికి వచ్చి బండ్లు దొరకని రైతు పరిస్థితి ఇది. బొగ్గు స్థానంలోకి ఎండ, గాలి రావాలంటే వాటికి కూడా ఒక యార్డు కావాలి.

కొండే గోదాము

పంప్డ్ స్టోరేజి కేంద్రం పని తీరు సులభమే. కొండ మీద ఒక చెరువు, కొండ కింద ఒక చెరువు, రెండింటినీ కలుపుతూ సొరంగం, మధ్యలో యంత్రాలు. విద్యుత్తు చవకగా ఉన్న వేళ యంత్రాలు మోటార్లుగా తిరిగి కింది నీటిని పైకి తోడతాయి. ధర ఉన్న వేళ అదే నీటిని కిందికి వదిలితే అవే యంత్రాలు జనరేటర్లుగా తిరుగుతాయి. నీరు ఖర్చు కాదు, పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. ఆవిరికి, ఇంకుడుకు పోయిన మేరకు మళ్లీ నింపుకోవాలి.

ఎత్తు ఎంత ఉంటే నీరు అంత తక్కువ చాలుతుంది. ఒక టన్ను నీరు 367 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఎక్కడా నష్టం లేదనుకొంటే, సరిగ్గా ఒక యూనిట్ విద్యుత్తు వస్తుంది. ఈ లెక్కన అంత ఎత్తు ఉన్న చోట 1,000 మెగావాట్ల కేంద్రం రోజుకు ఆరు గంటలు నడవాలంటే, యంత్రాల నష్టం కలుపుకొని, సుమారు పావు టి.ఎం.సి. నీరు తిరుగుతూ ఉంటే చాలు. మైదానంలో ఇది సాధ్యం కాదు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, దానికి చుట్టూ అంతకు మించిన కొండలు, నిటారుగా దిగే వాగులు, నూటపది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో విశాఖపట్నం వంటి పెద్ద వాడకందారు ఒకే చోట కలిసి రావడమే ఈ గిరాకీకి మూలం.

విశాఖ తీరానికి కూడా గిరాకీ పెరగబోతున్నది. అచ్యుతాపురం దగ్గర పూడిమడకలో ఎన్.టి.పి.సి. గ్రీన్ సంస్థ తలపెట్టిన హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే కర్మాగారం అది. రాత్రీ పగలూ హరిత విద్యుత్తు అందితేనే దాని యంత్రాలకు పూర్తి పని దొరుకుతుంది.

పాత ఖాతా

ఈ కొండలు తీరానికి విద్యుత్తు పంపడం కొత్త కాదు. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఆ తర్వాత అదే నది సీలేరు పేరుతో దిగువకు పారే దారిలో ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు 460 మెగావాట్ల కేంద్రాలు వచ్చాయి. మాచ్‌ఖండ్ కోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద గిరిజనుల ఊళ్లు, పొలాలు మునిగాయి. ఆ నీటితో తయారైన విద్యుత్తు మాత్రం ముందు పట్టణాలకు, కర్మాగారాలకు చేరింది. ఈ పాత ఖాతాను మన్యం మరచిపోలేదు. కొత్త ప్రాజెక్టు పేరెత్తితే మొదట వినిపించేది జలాపుట్ కథే.

నీటిని తిరిగి పైకి తోడే యంత్రాలు కూడా తెలుగువారికి కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల రెండు విధాల యంత్రాలు ఏడు ఉన్నాయి. అయితే తిరిగి తోడుకొనేందుకు దిగువన నీటిని ఆపే చెరువు అమరడానికి చాలా ఏళ్లు పట్టింది. కింది చెరువు లేనిదే రెండు విధాల యంత్రం ఒక విధంగానే పనిచేస్తుంది. గోదాము ఉండి తలుపు లేనట్టు.

ఇప్పటి ప్రతిపాదనలను వర్తకుడు రెండు రకాలుగా విడదీసి చూడాలి. మొదటి రకం పాత జలాశయాలనే వాడుకొనేవి. ఏపీ జెన్‌కో తలపెట్టిన ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజి కేంద్రం ఇటువంటిది. ఇప్పటికే ఉన్న గుంటవాడ జలాశయం పై చెరువుగా, డొంకరాయి జలాశయం కింది చెరువుగా 150 మెగావాట్ల యంత్రాలు తొమ్మిది, మొత్తం 1,350 మెగావాట్లు దీని ప్రణాళిక. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దీనికి సమ్మతి తెలిపింది. రెండవ రకం కొత్తగా చెరువులు కట్టవలసినవి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం అనంతగిరి మండలంలోని పెదకోట ప్రాజెక్టును అదానీ సంస్థకు, చింతపల్లి, కొయ్యూరు మండలాల సరిహద్దులో 1,200 మెగావాట్ల ఎర్రవరం ప్రాజెక్టును షిరిడీసాయి ఎలక్ట్రికల్స్ సంస్థకు కేటాయించింది. ఈ రెండవ రకం ప్రాజెక్టులను గిరిజన సంఘాలు, వామపక్షాలు వ్యతిరేకిస్తూ ఆందోళనలు సాగించాయి.

తరుగు, అద్దె

ఇక లెక్క. పైకి తోడడంలో, కిందికి వదలడంలో కలిపి నూటికి 20 నుంచి 25 వంతుల వరకు తరుగు పోతుంది. ఉదాహరణకు 22 వంతులు అనుకొందాం. మధ్యాహ్నం యూనిట్ రెండున్నర రూపాయలకు కొంటే, రాత్రి ఒక యూనిట్ అమ్మేందుకు 1.28 యూనిట్లు కొనాలి. అంటే సరకు ఖర్చే 3 రూపాయల 20 పైసలు.

దీనిమీద గోదాము అద్దె. మెగావాటుకు 6 కోట్ల రూపాయల పెట్టుబడి, వడ్డీ, తరుగుదల, నిర్వహణ, లాభం అన్నీ కలిపి ఏడాదికి నూటికి 11 వంతులు రావాలనుకొంటే, మెగావాటుకు ఏటా 66 లక్షలు. రోజుకు ఆరు గంటల చొప్పున ఏడాదికి 330 రోజులు నడిస్తే 19 లక్షల 80 వేల యూనిట్లు. యూనిట్‌కు అద్దె 3 రూపాయల 33 పైసలు. రెండూ కలిపితే 6 రూపాయల 53 పైసలు. రాత్రి ధర ఇంతకు తగ్గితే గోదాము సొంతదారుకు గిట్టదు.

ఇక్కడ అసలు కిటుకు రోజుల లెక్కలో ఉన్నది. వానాకాలంలో ఎండ తగ్గి మధ్యాహ్నపు ధర దిగకపోతే, లేదా రాత్రి గిరాకీ సన్నగిల్లితే, యంత్రాలు ఊరికే ఉంటాయి. 330 రోజులకు బదులు 200 రోజులే నడిస్తే అద్దె 5 రూపాయల 50 పైసలకు పోతుంది. గిట్టుబాటు ధర 8 రూపాయల 70 పైసలు అవుతుంది. పది రూపాయల పరిమితికి ఇది ఎంతో దూరం లేదు. అందుకే ఇటువంటి గిడ్డంగులు రోజువారీ బజారును నమ్ముకొని నిలబడలేవు. పంపిణీ సంస్థలతో ఏళ్ల తరబడి నిలిచే అద్దె ఒప్పందం చేతికి వచ్చినప్పుడే బ్యాంకులు అప్పు ఇస్తాయి. వాటాలు కొనేవారు మెగావాట్ల అంకె కంటె ముందు ఆ ఒప్పందం ఉన్నదా, ఎన్నేళ్లకు అన్నది అడగాలి.

పోటీ గోదాము

కొండకు పోటీగా బ్యాటరీ వచ్చింది. 2022లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ పిలిచిన టెండరులో రెండు గంటల బ్యాటరీ నిల్వకు మెగావాటుకు నెలకు 10 లక్షల 84 వేల రూపాయల అద్దె పలికింది. రోజుకు రెండుసార్లు నింపి ఖాళీ చేసినా యూనిట్‌కు దాదాపు 10 రూపాయలు పడేది. 2024 ఆఖరుకు కొన్ని రాష్ట్రాల టెండర్లలో, ప్రభుత్వ సహాయం కలుపుకొని, అదే అద్దె 2 లక్షల 20 వేల దరిదాపుకు దిగింది. ఈ ధరకు రోజుకు ఒకసారి తిప్పితే యూనిట్‌కు 4 రూపాయలు, రెండుసార్లు తిప్పితే 2 రూపాయలు. రెండున్నర ఏళ్లలో ఏ గోదాము అద్దె అయినా ఇంతగా పడిపోవడం అరుదు.

బ్యాటరీ తరుగు కూడా తక్కువ, నూటికి పదిహేను వంతుల దరిదాపు. సబ్‌స్టేషను పక్కన కొన్ని ఎకరాల్లో కొన్ని నెలల్లో అమరుతుంది. కొండ ప్రాజెక్టుకు అనుమతులు, సొరంగాలు, చెరువులు పూర్తయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. ఈలోగా మధ్యాహ్నం కొని రాత్రికి అమ్మే బ్యాటరీలు ఎన్ని వస్తే, ఆ రెండు ధరల మధ్య తేడా అంత కుంచించుకుపోతుంది. అందరూ నిల్వ పెట్టిన ఏడాది నిల్వదారుకు లాభం రాదన్న సంగతి వర్తకులకు చెప్పనక్కరలేదు.

కొండ పక్షాన కూడా బలమైన వాదం ఉన్నది. రెండు గంటల బ్యాటరీ దీపాల వేళ దాటిస్తుంది గాని తెల్లవారేదాకా నడపలేదు. ఆరు, ఎనిమిది గంటలు నిలవాలంటే బ్యాటరీలు ఆ మేరకు పేర్చాలి. బ్యాటరీ ఆయుష్షు పది, పదిహేనేళ్లు. సొరంగం, చెరువు నలభై ఏళ్లు దాటి నిలుస్తాయి. బ్యాటరీలో వాడే సెల్సు ఎక్కువగా చైనా నుంచి దిగుమతి కావలసిందే. కొండ, నీరు ఇక్కడివే. కనుక తక్కువ గంటల బేరం బ్యాటరీకి, ఎక్కువ గంటల బేరం కొండకు అన్నది ఇప్పటికి కనిపిస్తున్న విభజన. బ్యాటరీ ధర ఇంకా దిగితే ఈ సరిహద్దు కొండ వైపుకే జరుగుతుంది.

వాయిదా బజారు కాపాడుతుందా?

2025 జూలై 10న ఎం.సి.ఎక్స్.లోను, అదే నెల 14న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోను విద్యుత్ వాయిదా వ్యాపారం ప్రారంభమైంది. ఒక లాటు 50 మెగావాట్ గంటలు, అంటే 50 వేల యూనిట్లు. సరకు చేతులు మారదు, రొక్కంతోనే పరిష్కారం. వాయిదా తీరే ధరను ఆ నెల మొత్తానికి మరుసటి రోజు బజారులో తేలిన సగటు ధరతో నిర్ణయిస్తారు. విద్యుత్తు ఎక్కువగా కొనే కర్మాగారానికి నెల సగటు పెరుగుతుందన్న భయం నుంచి ఇది రక్షణ ఇస్తుంది.

నిల్వదారుకు మాత్రం ఈ రక్షణ అందదు. అతని లాభం సగటులో లేదు, తేడాలో ఉన్నది. మధ్యాహ్నం 2 రూపాయలు, రాత్రి 8 రూపాయలు ఉన్నా, అన్ని వేళలా 5 రూపాయలే ఉన్నా, రెండు వేళల్లో సమానంగా అమ్ముడుపోతే సగటు 5 రూపాయలే. మొదటి నెలలో గోదాము లాభిస్తుంది. రెండవ నెలలో ఖాళీగా ఉంటుంది. వాయిదా ధర రెండు నెలల్లోనూ కదలదు. పగటికి ఒకటి, రాత్రికి ఒకటి విడి వాయిదాలు వచ్చేదాకా ఈ తేడా మీద బీమా లేనట్టే.

పట్టా ఎవరిది?

గోదాము కట్టేముందు స్థలం పట్టా చూడడం వర్తక ధర్మం. మన్యంలో ఈ పరీక్ష మిగతా అన్నిటికంటె ముఖ్యం. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ మండలాలు షెడ్యూల్డు ప్రాంతం. 1959 భూబదలాయింపు నిబంధన, దానిని సవరించిన 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే అందరూ అనే 1/70 చట్టం, ఇక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధిస్తున్నాయి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. 2006 నాటి చట్టం అడవిపై గిరిజనుల వ్యక్తిగత, ఉమ్మడి హక్కులను గుర్తించింది.

1997 జూలై 11న సమత కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు పుట్టింది కూడా ఈ అనంతగిరి కొండల్లోనే, బొర్రా దగ్గరి గనుల లీజుల మీద. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గని లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు చెప్పింది. నికర లాభంలో కనీసం నూటికి 20 వంతులు నీటి వనరులు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా కేటాయించాలని కూడా అన్నది. అది గనుల కేసు, జలవిద్యుత్తుది కాదు. అయినా పట్టా వివాదం కోర్టుకెక్కితే మొదట తెరిచే పుస్తకం అదే.

ఈ పరీక్షను తేలికగా తీసుకొన్న వ్యాపారం ఏమవుతుందో విశాఖ జిల్లా వర్తకులు చూసినదే. కొండల మీది బాక్సైటు వస్తుందన్న నమ్మకంతో మాకవరపాలెం దగ్గర అల్యూమినా కర్మాగారం కట్టారు. గిరిజనుల ప్రతిఘటన ఏళ్ల తరబడి సాగింది. 2019లో బాక్సైటు లీజులను రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. కర్మాగారానికి ముడిఖనిజం అందలేదు.

కొండవారికి పోయేదేమిటన్న ప్రశ్న కూడా సరకు లెక్కలోనే చెప్పవచ్చు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకొన్న మిరియం, పక్క చెలకల్లో పసుపు, రాగి ఇక్కడి రాబడి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఈ కొండల సరకు కొంటున్నది. నీడ చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది. కాఫీ పండ్ల తొక్క తీసి గింజ కడగడానికి ఊట నీరు కావాలి. తోట పోయిన కుటుంబానికి ఒక పంట కాదు, ఏటేటా వచ్చే రాబడి పోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడికి చేరి విశాఖకు తాగునీరు ఇస్తున్నది. శారద మీది రైవాడ జలాశయం ఆయకట్టుకూ నగరానికీ నీరు పంచుతున్నది. పైన వాగు మళ్లితే కింద పొలం, కుళాయి రెండూ అడుగుతాయి.

వాటా ఇస్తే గోదాము మునుగుతుందా? పై ఉదాహరణలోనే చూద్దాం. 6 కోట్ల పెట్టుబడిలో సొంత మూలధనం 30 వంతులు, దానిపై లాభం నూటికి 15.5 అనుకొంటే మెగావాటుకు ఏటా 27 లక్షల 90 వేలు. అందులో 20 వంతులు 5 లక్షల 58 వేలు. యూనిట్‌కు 28 పైసలు. మొత్తం ధర మీద వేసినా 6 రూపాయల 53 పైసలు 6 రూపాయల 81 పైసలు అవుతుంది. వెయ్యి మెగావాట్ల కేంద్రం చుట్టూ ఉన్న పల్లెలకు ఏటా దాదాపు 56 కోట్ల రూపాయలు. రెండు రకాల నష్టాలను పోల్చితే 28 పైసలు పెద్ద మొత్తం కాదు. ఆందోళనతో పని ఏడాది ఆగితే పెట్టుబడి మీద పేరుకొనే వడ్డీ దీనిని దాటిపోతుంది. అయితే వాటా ఇస్తామన్నంత మాత్రాన పట్టా వచ్చినట్టు కాదు. గ్రామసభ కాదంటే ఆ లెక్క అక్కడే ఆగుతుంది.

గమనించవలసినవి

కనుక ఈ రంగంలో దిగే వర్తకులు, దలాలీలు మెగావాట్ల ప్రకటనలను చూసి తొందరపడరాదు. మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య ధర తేడా నెలనెలా పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది మొదటి గుర్తు. బ్యాటరీ టెండర్లలో పలుకుతున్న అద్దె రెండవ గుర్తు. పంపిణీ సంస్థతో కుదిరిన ఒప్పందం మూడవది. నాలుగవది గ్రామసభ తీర్మానం. మొదటి మూడూ విశాఖ, విజయవాడ, ముంబయి బజార్లలో తెలుస్తాయి. నాలుగవది తెలుసుకోవాలంటే ఘాటు రోడ్డు ఎక్కి వెళ్లాలి. పాత జలాశయాల మధ్య నడిచే సీలేరు వంటి ప్రాజెక్టుకూ, కొత్తగా లోయను నింపవలసిన ప్రాజెక్టుకూ ఒకే ధర కట్టడం మాత్రం పొరపాటు బేరం.